చీట్ల దిబ్బ మీద అద్దం

ఆవలి ఒడ్డున తొమ్మిది తాటిచెట్లున్నాయి. అవి ఎట్లా కనిపిస్తున్నాయో రోజుకు మూడుసార్లు పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. పొద్దు పొడిచాక ఒకసారి, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఒకసారి. చెట్లు సరిగ్గా ఉంటే 'నిలబడ్డాయి' అని రాయాలి. మొదళ్లు నీళ్లలో కరిగిపోయినట్టుంటే 'మునిగాయి'. చెట్టు కింద ఇంకో చెట్టు తలకిందులుగా వేలాడుతుంటే 'జంట'. మంచులో అసలేమీ కనిపించకపోతే 'లేవు'. తొమ్మిదో తరగతి సగంలో ఆగిన చదువుకు ఈ నాలుగు మాటలు బరువేమీ కాదు.

మా నత్తలదిబ్బ పులికాట్ సరస్సు నడుమ ఉంది. పక్షుల కోసం ఇక్కడ టవరు కట్టనివ్వరు, సరస్సు అడుగు తవ్వి తీగ వెయ్యనివ్వరు. అందుకని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు వెలుగు పంపారు. కంటికి కనపడని సన్నటి లేజరు వెలుగు. ఆసుపత్రి మాట, డాక్టరు ముఖం, అన్నీ దాని మీదే వస్తాయి. అయితే నీళ్ల మీద గాలి ఒక్క తీరుగా ఉండదు. నీళ్లు వేడెక్కి గాలి చల్లగా ఉంటే వెలుగు పైకి వంగుతుంది, గాలి కాగి నీళ్లు చల్లగా ఉంటే కిందికి వంగుతుంది. తాటిచెట్లను ముంచేదీ తేల్చేదీ ఆ వంకరే. దారి తప్పిన వెలుగును వెతికి పట్టుకోవడానికి ఇనుప మెట్ల మీద, మూడు నిలువుల ఎత్తున, మూరెడు వెడల్పు అద్దం ఒకటి పెట్టారు. అది తనంతట తాను కదులుతుంది. ఆ మెట్లెక్కి చూసి నేను రాసే పుస్తకం చదివి నేర్చుకుంటుంది.

ఆ వెలుగు మీద మా కుందన బతుకుతోంది. దానికి రెండున్నరేళ్లు. మెలకువగా ఉన్నంతసేపూ కుప్పమంతా, అంటే మా జాలరి పల్లెంతా, చిందరవందర చేస్తుంది. నిద్రపోతే ఊపిరి తియ్యడం మరిచిపోతుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. దాని పొట్ట మీద ఒక పట్టీ ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న యంత్రం బిడ్డ రక్తం, గుండె చూసుకుని ఒక్కో ఊపిరీ లెక్కగట్టి పంపితే, పట్టీ అందుకుని లోపలి నరాన్ని తడుతుంది. పట్టీ మీద ఆకుపచ్చ దీపం ఉంటే వెలుగు అందుతున్నట్టు. ఎర్ర దీపం వస్తే పట్టీ సొంతంగా నడుస్తున్నట్టు, అదీ ఇరవై నిమిషాలే. ఆ లోపు బిడ్డను లేపాలి. లేపకపోతే పట్టీ ఈల వేసి ఆగిపోతుంది.

మెట్ల పని ఒప్పుకున్న ఇంటికి మొదటి పట్టీ ఇస్తామన్నారు. అందుకే ఒప్పుకున్నాను.

మెట్లు వేసింది చీట్ల దిబ్బ మీద. వానాకాలంలో కూడా మునగని చోటు అదొక్కటే. ఏ పడవ ఏ పాయలో వల వెయ్యాలో మా మగవాళ్లు అక్కడే, అమ్మవారి రాయి ముందర, చీట్లు తీసుకుంటారు. బయట చేరిన ఆడది ఆ నాలుగు రోజులూ దిబ్బ తొక్కకూడదు. మెట్లు వెయ్యడానికి ఒప్పుకున్న రోజే మా పెద్దకాపు, అంటే కుప్పం పెద్ద, మా అత్త దేశమ్మను పిలిచి ఆ మాట గట్టిగా చెప్పాడు. అద్దం పెట్టిన సార్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అది సార్లకు చెప్పే మాటా?

మొదటి నెల ఆ నాలుగు రోజులూ గళ్లు ఖాళీగా వదిలేశాను. ఆవలి ఒడ్డు నుంచి వెంటనే కబురొచ్చింది, రోజూ రాయలేకపోతే వేరే మనిషిని చూసుకుంటామని. వేరే మనిషి అంటే వేరే ఇల్లు. వేరే ఇల్లంటే పట్టీ ఏమవుతుందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. రెండో నెల నుంచి ఆ నాలుగు రోజులూ మా గడప మీద నిలబడి చెట్లు చూసి రాశాను. గడప దగ్గర నిలబడితే నా కన్ను నీళ్లకు మనిషెత్తున కూడా ఉండదు. అంత కింద నుంచి చూస్తే, మిట్టమధ్యాహ్నం చెట్లు ఎప్పుడూ నడుము దాకా మునిగే ఉంటాయి. మెట్ల పై నుంచి అదే గంటకు చూస్తే శుభ్రంగా నిలబడి ఉంటాయి. అది నాకు తెలుసు. తెలిసే 'మునిగాయి' అని రాశాను. కనబడింది రాస్తున్నాను కదా, అబద్ధమేముందిలే అనుకున్నాను. అట్లా పద్నాలుగు నెలలు.

ఆ శనివారం రఘోత్తం సారు పడవ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. అద్దానికి చదువు చెప్పేది ఆయనే. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎప్పుడూ నీళ్లంటే భయపడుతూ పడవ అంచు పట్టుకుని వచ్చే మనిషి, ఆ రోజు గంతేసి దిగాడు. చేతిలో మిఠాయి పెట్టె.

"చెంగమ్మ గారూ, మీ పుస్తకంలో ఏం దొరికిందో తెలుసా? చంద్రుడు."

మా ఆయన కుప్పయ్య వల బాగు చేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "ఆయన యాడికి పొయినాడని సారూ దొరికేదానికి?" అన్నాడు.

సారు నవ్వి కూర్చున్నాడు. ఇరవై ఎనిమిది రోజులకోసారి, నాలుగు రోజుల పాటు ఈ సరస్సు మీది గాలి దెబ్బతింటోందట. నెల తప్పడం లేదట. పోటు, పాటు నీళ్లకే కాదు, నీళ్ల మీది గాలికి కూడా ఉన్నాయని, ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదని, అద్దమే దాన్ని కనిపెట్టిందని చెప్పాడు.

"మొగ పూడిపొయి రెండేండ్లాయె," అన్నాడు కుప్పయ్య. "సముద్రం నీళ్లే లోపలికి రాకపోతే ఇంక పోటేంది సారూ? మా పడవకు తెలవని పోటు మీ అద్దానికి తెలిసిందా?"

"నీళ్లలో లేదు కాబట్టే గొప్ప విషయం కుప్పయ్య గారూ. గాలిలో ఉంది."

"అట్టనా. అయితే గాలికి వల ఎయ్యాల."

మా అత్త నవ్వింది. కుందన మిఠాయి పెట్టె మీద కూర్చుంది. నేను మాత్రం పొయ్యి దగ్గరకు పోయి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మళ్లీ పెట్టుకున్నాను. చిన్నప్పటి నుంచీ నా లెక్క తప్పలేదు. వచ్చే మంగళవారం.

"మంగళవారం నుంచి మొదలవుతుంది," అని సారు అంటున్నాడు అవతల. "ఇన్నాళ్లూ అద్దం వెతుక్కునేది. వెతికినప్పుడల్లా రెండు మూడు క్షణాలు వెలుగు తెగేది. ఇప్పుడు వెతకదు. గాలి ఎప్పుడు ఎట్లా వంచుతుందో దానికి ముందే తెలుసు కాబట్టి తానే ముందుగా వంగి నిలబడుతుంది. ఇంకో పదకొండు సరస్సులకు ఇదే పాఠం పంపించాం. అక్కడా అద్దాలు లేస్తున్నాయి. చూడండి, ఇకమీద మీ కుందనకు ఒక్క క్షణం కూడా తెగదు."

ఆయన ముఖం చూస్తే చెప్పాలనిపించలేదు. అది నిజం కాదు. ఆయన ముఖం కోసం కాదు. పద్నాలుగు నెలలు నేను తప్పు రాశానని తెలిస్తే పట్టీ విప్పుకుపోతారేమోనని చెప్పలేదు.

ఆయన పడవెక్కబోతుంటే వెనకే పోయి, "సారూ, అద్దం అప్పుడప్పుడన్నా వెతుక్కుంటే మంచిది గదా" అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఊరికే. బిడ్డ గదా."

"భయపడకండి," అన్నాడు. "మంగళవారం నేనే వచ్చి దగ్గరుండి చూసుకుంటాను."

మంగళవారం తెల్లవారేసరికి కుందనకు జ్వరం. ఒళ్లు పెనంలా కాలుతోంది. అదే రోజు నేను బయట చేరాను. అదే రోజు చీట్లు. పొద్దెక్కేసరికి కుప్పంలో మగవాళ్లంతా దిబ్బ మీద చేరారు. రఘోత్తం సారు కూడా వచ్చి మెట్ల మొదట్లో పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. ఆ పెట్టెలో వెలుగు ఎంత అందుతోందో కనిపిస్తుంది.

పదకొండు దాటాక కుందన నిద్రపోయింది. ఆకుపచ్చ దీపం. నేను పక్కనే కూర్చుని దీపాన్నే చూస్తున్నాను. ఎండ ముదిరింది. పదకొండూ ఇరవైకి దీపం ఎర్రగా మారింది.

రెండు క్షణాలు చూశాను. పది క్షణాలు చూశాను. ఆకుపచ్చకు తిరగలేదు.

"అత్తా, బిడ్డను లేపాల."

ఇద్దరం లేపాం. ముఖం మీద నీళ్లు కొట్టాం. కుందన కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టనట్టు చూసి మళ్లీ మూసుకుంది. జ్వరం నిద్ర అది. అరికాళ్లు గిల్లాను. ఏడవను కూడా ఏడవలేదు. ఆ తిప్పల్లోనే ఎనిమిది నిమిషాలు పోయాయి.

"సారు దగ్గరికి పొయ్యొస్తా," అని లేచాను.

"దిబ్బ తొక్కబాకమ్మే. కింద నిలబడి పిలువు," అంది అత్త.

కింద నిలబడ్డాను. పైన సారు పెట్టెలోకి తొంగిచూసి, అద్దం వైపు చూసి, మళ్లీ పెట్టెలోకి చూస్తున్నాడు. పిలిచాను. తల తిప్పి, "గాలి బాగా చెడిందమ్మా, ఇదే ఆ రోజు. సర్దుకుంటుంది. పాపను మెలకువగా ఉంచండి" అన్నాడు.

గాలి చెడలేదు. అద్దమే లేని వంకర ఉందనుకుని వంగి నిలబడి, ఉన్న వెలుగును పోగొట్టుకుంటోంది. ఆ మాట చెప్పాలంటే ఎట్లా చెప్పాలి? ఇరవై మంది మగవాళ్లు. చీట్ల కుండలో చెయ్యి పెట్టబోతున్నది మా ఆయనే. 'సారూ, అది చంద్రుడు కాదు' అనడానికి లోపల కూడబలుక్కుంటూ, పమిట చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఎవరో "ఉత్తరపు పాయ, కుప్పయ్యకే" అని అరిచారు. పెళ్లయ్యాక ఒక్కసారి కూడా మాకు రాని పాయ అది. మా ఆయన నా వైపు తిరిగి కుండ పైకెత్తి చూపించాడు. నేను నిలబడే ఉన్నాను.

అప్పుడు మా ఇంట్లో నుంచి పట్టీ ఈల వినబడింది.

దిబ్బ ఎప్పుడు ఎక్కానో నాకు తెలియదు. అమ్మవారి రాయిని రాసుకుంటూ పోయాను. పెట్టె మీది గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

"సారూ, మీ పాఠం తీసెయ్యి. అద్దాన్ని వెతుక్కోనియ్యి."

"అమ్మా, గాలి..."

"గాలి కాదు. చంద్రుడు కాదు. అది నా ముట్టు. ఆ నాలుగు రోజులూ నేను ఈ దిబ్బ ఎక్కేదానికి లేదు. మా గడప మీద నిలబడి చూసి రాసినా. పద్నాలుగు నెలల్నించి. నీకు దొరికింది నా లెక్క."

సారు పెట్టె మీద నుంచి చెయ్యి తీసి నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు కూడా..." అన్నాడు సారు.

"ఇప్పుడు కూడా. అందుకే నీ లెక్క ఈ రోజు మీదికి వచ్చింది. తీసెయ్యి సారూ, బిడ్డ ఊపిరి ఆగిపొయింది."

ఆయన రెండుసార్లు తప్పు మీట నొక్కాడు. మూడోసారి అద్దం కదిలింది. తల తిప్పి, పైకి, కిందికి, పక్కలకు వెతకడం మొదలుపెట్టింది. పద్నాలుగు నెలల తప్పుడు చదువును పక్కనపెట్టి వెలుగును గుడ్డిగా తడుముకుంటోంది. నేను గడియారాన్నే చూస్తున్నాను. నలభై మూడు. నలభై నాలుగు. పెద్దకాపు ఏదో అనబోయాడు. మా ఆయన చేతిలోని కుండను కింద పెట్టి ఇంటి వైపు పరుగెత్తాడు. పదకొండూ నలభై ఆరుకు పెట్టెలో గీత పైకి లేచింది.

ఇంటికి చేరేసరికి అత్త కుందన నోట్లోకి ఊదుతోంది. పట్టీ మీద ఆకుపచ్చ దీపం. బిడ్డ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పొట్ట మాత్రం లేస్తోంది, పడుతోంది.

గోడ మీది తెరలో డాక్టరమ్మ ముఖం వచ్చింది. నూర్జహాన్ గారు మామూలుగా పేరు పెట్టి పలకరించి గానీ మొదలుపెట్టరు. ఆ రోజు ఒకటే అడిగారు.

"పట్టీ ఆగాక మళ్లీ నడిచేదాకా ఎంతసేపు?"

"రెండు నిముషాలమ్మా," అంది అత్త గబగబా. "అదీ నేను ఊదతానే ఉండా."

డాక్టరమ్మ నన్ను చూశారు. వెలుగు లేనప్పుడు ఏం జరిగిందో ఆ యంత్రానికి తెలియదు. రెండంటే బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. ఎక్కువైతే జ్వరంలో, ఎండలో, పడవ మీద తొమ్మిది కిలోమీటర్లు తీసుకుపోవాలి. దారిలో వెలుగు ఉండదు, పట్టీ పని చెయ్యదు. నాకు కూడా రెండే కావాలనిపించింది.

"ఆరు," అన్నాను. "ఈల వినింది నేను. గడియారం చూసింది నేను."

"అయితే ఇప్పుడే బయలుదేరండి. ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యొద్దు. మెదడు వాపు మొదలయ్యేలోపు నా దగ్గరుండాలి."

పడవలో నేను, అత్త వంతులేసుకుని ఊదాం. కుప్పయ్య గడ వేస్తున్నాడు. సరస్సు నడుమ అత్త వంతు అయిపోయి నాకు బిడ్డను అందిస్తూ అంది.

"నా కండ్లు బాగానే ఉండాయి గదమ్మే. నాకు ముట్టు ఆగి పదేండ్లాయె. ఒక్క మాట చెప్పుంటే ఆ నాలుగు దినాలూ నేనెక్కి చూసి చెప్పేదాన్ని గదా. నువ్వు రాసుకునేదానివి."

నేను బిడ్డ నోటికి నోరు ఆనించి ఉన్నాను. జవాబు చెప్పాల్సి వస్తే ఏం చెప్పేదాన్ని? పని నాది కాకుండా పోతుందేమోనని భయపడ్డానని చెప్పాలి. అత్త చేతికి పోతుందన్నా భయమే.

"చీట్లు మళ్లీ తీస్తారంట," అన్నాడు కుప్పయ్య. "దిబ్బ కడిగి."

"బావా..."

"నువ్వు ఊదు. మాట్లాడబాక."

ఆసుపత్రిలో మూడో రోజు పొద్దున కుందన కళ్లు తెరిచింది. అమ్మ అనలేదు. "అవ్వ" అంది, మా అత్తను చూసి. అత్త పక్క గదిలోకి పోయి చాలాసేపు రాలేదు. నాకు అసూయ లాంటిదేదో కలిగి, వెంటనే సిగ్గేసింది. పాలగ్లాసు ఇస్తే కుందన కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచెయ్యి దుప్పటి మీదే ఉండిపోయింది. వేళ్ల మధ్య నా వేలు పెడితే మూసుకోలేదు. వస్తుందా అని అడిగాను. డాక్టరమ్మ "రావొచ్చు" అన్నారు. ఆ మాటలో ఎంత ఉందో, ఎంత లేదో ఆమె ముఖంలో వెతికాను, కనిపించలేదు.

ఆ సాయంత్రం రఘోత్తం సారు వచ్చాడు. గడ్డం పెరిగింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మంచం పక్కన నిలబడి ఒక కాగితం తీశాడు.

"చెంగమ్మ గారూ, జరిగినదాని మీద నివేదిక ఇవ్వాలి. కారణం రాసే చోట 'నీటి మీద గాలి అనుకోకుండా మారడం' అని రాశాను. అబద్ధమేమీ కాదు, గాలి రోజూ మారుతూనే ఉంటుంది. మీ పేరు ఎక్కడా లేదు. మీ పనికీ, పట్టీకీ ఏ ఇబ్బందీ రాదు. కింద సంతకం చేస్తే చాలు."

"మీకు కూడా ఇబ్బంది రాదు గదా సారూ," అన్నాను. ఎత్తిపొడవాలని కాదు. నిజంగానే అడిగాను.

ఆయన కిటికీ వైపు చూశాడు. "రాదు," అన్నాడు.

"మీ పాఠం పదకొండు సరస్సులకు పొయిందన్నారు. వాళ్లకు గూడా చంద్రుడి లెక్కే పొయిందా?"

"పోయింది. ఆపమని చెప్పాను."

"ఎందుకు ఆపాలో చెప్పినారా?"

చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మళ్లీ కొత్తగా నేర్పుతారు గదా. అక్కడ గూడా మెట్లు ఉంటాయి. మెట్ల కింద నా మాదిరి ఒక ఆడమనిషి పుస్తకం పట్టుకోనుంటది. దానికి గూడా ఇంట్లో ఏదో ఒకటి ఉంటది, చెప్పుకోలేంది. ఎట్టుండాయి చెట్లు అని అడుగుతారు. యాడ నిలబడి చూసినావమ్మా అని ఎవురూ అడగరు."

సారు అప్పుడు కూర్చున్నాడు. కాగితం ఒళ్లో పెట్టుకుని, రాసిన వాక్యాన్ని కొట్టేశాడు. కలం మూత మళ్లీ పెట్టలేదు.

"చెప్పండి," అన్నాడు.

పట్టీ పోతుందేమో. పని మాత్రం పోయినట్టే. మా కుప్పంలో ఇప్పటికే నా గురించి ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలుసు, ఇక ఆ మాటలు ఆఫీసుల్లో కూడా మాట్లాడుకుంటారు. కుందన నిద్రలోకి జారుతోంది. మంచం పక్కన ఆసుపత్రి యంత్రం దానికి ఊపిరి ఇస్తోంది. నేను దాని ఎడమచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

"నెలకు నాలుగు దినాలు గడప మీద నిలబడి చూసినాను, అని రాయండి. ఎందుకో గూడా రాయండి, దాచకుండా. ఈల వినబడేముందు పన్నెండు నిముషాలు దిబ్బ కింద నోరు మూసుకోని నిలబడినాను, అది గూడా రాయండి."

సారు రాస్తున్నాడు. కలం ఆగినప్పుడల్లా నేను ఆగాను, కదిలినప్పుడు మళ్లీ చెప్పాను.